క్యాంపులో పక్కింటి లెక్క

1953లో తుంగభద్ర డ్యాం నీళ్ళు కాలువల్లోకి వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు రాయచూరు వైపు రావడం జోరందుకుంది. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 1956 నవంబర్ 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇల్లు మారకుండానే మనవాళ్ళకి రాష్ట్రం మారింది. గంగావతి, కారటగి, సింధనూరు చుట్టూ కాలువ పక్కన వేసుకున్న గుడిసెలే క్యాంపులు. మిద్దెలు లేచినా పేరు మాత్రం క్యాంపే!

డెల్టాలో ఒక ఎకరం అమ్మిన డబ్బుకి ఇక్కడ నల్లరేగడి చాలా ఎకరాలు వచ్చేది. తుమ్మచెట్లు కొట్టి, నేల చదును చేసి, గుడిసెలో ఉంటూనే మా తాతలు బాగున్నాం అన్నారు. వాళ్ళ పోలిక వదిలొచ్చిన ఊళ్ళోని అన్నదమ్ములతో. మా నాన్నల తరానికి ఆ ఊరు పెళ్ళిళ్ళకి వెళ్ళే ఊరు అయిపోయింది. వాళ్ళ పోలిక పక్కింటితో. క్యాంపులో అందరిదీ వరే, ఎవరు ట్రాక్టర్ కొన్నారో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. రైస్ మిల్లు పెట్టినాయన పక్కన ఇల్లుంటే పదెకరాలు కూడా చిన్నగానే కనిపిస్తాయి. (మేము చేసే టెస్టింగ్ పనిలో దేనితో పోల్చాలో ముందే రాసి పెట్టుకుంటాం. ఇక్కడ అది తరానికొకటి.)

రిచర్డ్ ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త 1974లో ఇలాంటిదే రాశారు. ఒక దేశంలో డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళకంటే తృప్తిగా ఉన్నామంటారు, కానీ అందరి ఆదాయమూ పెరిగితే తృప్తి ఆ మేరకు పెరగదు.

మన కథల్లో ఇంకో పక్కిల్లు ఉండదు. ఎడమ కాలువని ఎక్కువ విస్తీర్ణానికి కొంచెం కొంచెం నీళ్ళిచ్చేలా, జొన్న, పత్తి లాంటి పంటల కోసం కట్టారు, వరికి కేటాయించింది తక్కువ. పైభాగంలో మనవాళ్ళు, తర్వాత మనల్ని చూసి స్థానికులు కూడా, వరి పెంచుకుంటూ పోయారు. చివరన మాన్వి, రాయచూరు వైపు పొలాలకి నీళ్ళు అందలేదు. భూమి తక్కువకి అమ్మేసినవాళ్ళలో కొందరు అదే భూమిలో కూలికి వచ్చారు. వాళ్ళ జోళం పంట తగ్గలేదు, నిజమే. కానీ పక్కన రెండు పంటల వరి పండుతుంటే ఆ జోళం మునుపటి జోళంలా ఉంటుందా? వలస వచ్చినవాళ్ళ సుఖం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా వెయ్యాలని మా అభిప్రాయం.

కన్నడ బడిలో ఒకే బెంచి మీద కూర్చున్నా మమ్మల్ని 'క్యాంపినవరు' అనేవాళ్ళు. బేసిగె పంటకి నీళ్ళు చాలని ఏడాది ఆ మాట ఇంకాస్త గట్టిగా వినిపించేది.