పాలెగాడి నుంచి కాంట్రాక్టరు దాకా

రాయలసీమలో అధికారం ఎవరిదని అడిగితే భూమి ఉన్నవాళ్లదేనని ఠక్కున చెప్పేవాళ్లే ఎక్కువ. కృష్ణా డెల్టాకు ఆ జవాబు కొంతవరకు సరిపోతుంది. కర్నూలు, కడప మెట్ట పొలాల్లో వాన మొహం చాటేస్తే ఎకరాలు ఎన్ని ఉన్నా మిగిలేది బీడే. ఇక్కడ పెత్తనం ప్రధానంగా సర్కారుకూ ఊరికీ నడుమ నిలబడ్డవాడిది. రెండు వందల ఏళ్లలో ఆ మనిషి వేషం మారుతూ వచ్చింది.

1800లో నిజాం సీమలో చాలా భాగం కలిసిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటికి అక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లున్నారు. కోట, బంట్లు, శిస్తు వసూలు, తగవు తీర్చడం అన్నీ వాళ్లవే. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807లో వెళ్లిపోయేలోగా వాళ్ల నడుం విరిచాడు. బంట్లను తీసేయించి, చాలామందిని పింఛనుదార్లను చేశాడు. చట్టబద్ధంగా బలం వాడే హక్కు తనొక్కదానిదేనని చెప్పుకునేదే రాజ్యం అని 1919లో మాక్స్ వెబర్ అన్నాడు. మన్రో చేసిందీ అదే, వందేళ్లకు పైగా ముందు.

ఆ పింఛను ఎంతటిదో చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. నొస్సం పాలెగాడైన తాత తరఫు పింఛను ఆగిపోయింది, ఇనాముల మీదా వేటు పడింది. 1846లో ఆయన తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను 1877 దాకా అందరికీ కనబడేలా వేలాడదీశారు. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చాక కూడా ఆ తల అక్కడే ఉంది! అధికారం ఎవరిదో జనానికి రోజూ గుర్తుచేయాలనుకున్నారన్నమాట.

రైత్వారీలో సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకుంటుందన్నారు. ఆ లెక్క రాసేదెవరు? కరణం. వసూలు చేసేదెవరు? 1816 రెగ్యులేషన్‌తో చిన్నచిన్న దావాలు తీర్చే అధికారం కూడా దక్కిన మునసబు. చేను పండిందో ఎండిందో అడంగల్‌లో ఏం రాస్తే అదే నిజం. జమాబందీలో శిస్తు మాఫీ కావాలన్నా ఆ రాతే ఆధారం. గుంటూరు జిల్లా మీద 1965లో చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గ్ రాసిన పుస్తకం కింది ఉద్యోగులు కంపెనీ అధికారాన్ని చెదపురుగుల్లా ఎలా తినేశారో చూపింది. వంశపారంపర్య మునసబు, కరణాలను 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసేదాకా కాయితం వాళ్ల చేతిలోనే ఉంది.

ఈలోగా అధికారం ఎవరిదన్న దానిమీద అమెరికాలో పెద్ద వాదమే నడిచింది. రాజకీయం, సైన్యం, పెద్ద కంపెనీలు ఈ మూడింటి శిఖరాన ఉన్న కొద్దిమందే దేశాన్ని నడుపుతున్నారని సి. రైట్ మిల్స్ 1956లో రాశాడు. అధికారం ఒకచోట పోగుపడదు, ఒక్కో విషయంలో ఒక్కో గుంపు గెలుస్తుందని 1961లో రాబర్ట్ డాల్ బదులిచ్చాడు. అప్పటికి మన ముఖ్యమంత్రి కర్నూలు దగ్గరి పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. డాల్ వాదానికి మంచి ఉదాహరణే అనిపిస్తుంది. కానీ 1962 మార్చికల్లా ఆ కుర్చీ మళ్లీ నీలం సంజీవరెడ్డిదైంది.

మునసబు చాటున పెరిగిన కొత్త పెత్తందారు కాంట్రాక్టరు. సారా వేలంపాటలు, కాలవ పనులు, బేతంచెర్ల నాపరాళ్ల గనులు, మంగంపేట ముగ్గురాయి... డబ్బు పుట్టేది వీటిలో. వర్గం నిలబెట్టాలంటే డబ్బు కావాలి మరి. కేసులకు లాయర్లు, వెంట తిరిగేవాళ్లకు అన్నం, జైల్లో ఉన్నవాడి ఇంటికి నెలనెలా ఖర్చు. ఆధిపత్య కులం అన్న సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మాట ఇక్కడ సగమే పనికొస్తుంది. ఎదురెదురు నాయకులు తరచూ ఒకే కులంవాళ్లు. నరుక్కుని చచ్చేవాళ్లలో పేద కులాలవాళ్లే ఎక్కువ. సీమ ఫ్యాక్షన్‌ను పగల కథగా చూడకుండా దాని ఆర్థిక మూలాలను తవ్వినవాళ్లలో కె. బాలగోపాల్ ముందుంటారు. సినిమాలకు మాత్రం సుమోలు, బాంబులే కావలసివచ్చాయి.

నా లెక్కలో సీమకు అన్నింటికంటే బాగా అతికేది 1962లో బాక్రాక్, బరాట్జ్ రాసిన చిన్న వ్యాసం. ఒక విషయం చర్చకే రాకుండా ఆపగలిగితే అదీ అధికారమేనన్నారు వాళ్లు. పంచాయతీ ఏకగ్రీవాలను చూడండి. ఊరంతా ఒక్క మాట మీద ఉంటే సంతోషమే. రెండో నామినేషన్ వేయడానికి ఎవరికీ ధైర్యం చాలకపోయినా దాన్నీ ఏకగ్రీవమనే రాస్తారు. దానికి ప్రభుత్వం ప్రోత్సాహక నిధులూ ఇస్తుంది. రిజర్వేషన్లతో దళితులు, బీసీలు, మహిళలు సర్పంచులయ్యారు, నిజమే. వాళ్లను ఎంపిక చేసింది ఎవరన్నది ఎన్నికల లెక్కల్లో కనబడదు.

కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న పిల్లలకు ఒక్క మనవి. గెలిచినవాళ్ల కులాల పట్టికలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఏకగ్రీవమైన ఊళ్లకు పోయి, నామినేషన్ వేయాలనుకుని ఆగిపోయినవాళ్లను వెతికి మాట్లాడండి.