ఒంగోలు తొలి విశ్వాసుల విధేయత

1867 జనవరిలో ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడినది. మన చరిత్రకారులు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో జరిగిన 2,222 మంది బాప్తిస్మములనే ఎక్కువగా వ్రాస్తారు. దానికి ముందటి దశాబ్దమే మరింత పరిశీలించదగినదని మేము తలంచుచున్నాము.

మాదిగ విశ్వాసులను క్లౌ దొర కోరినవి మూడే: ఆదివారము పని మానుట, చచ్చిన పశువు మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. వినుటకు చిన్నవే. అయితే జాతరలో డప్పు కొట్టుట, పిలిచినప్పుడు పనికి పోవుట వారి వంతు. ఏటి ధాన్యము దానిమీదనే వచ్చేది. వారు మానగానే గ్రామాధికారులు ఎదిరించారు. చాకలి బట్టలు ఉతకలేదు, కుమ్మరి కుండలు అమ్మలేదు, కోతలకు పిలుపు రాలేదు.

బియ్యము కొరకే క్రైస్తవులైరని నేటికీ కొందరందురు. ఈ తొలివారు విధేయత వలన ఉన్న ధాన్యమును పోగొట్టుకొన్నవారు! కరవు సహాయము సాగినంతకాలము క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను కూడ.