కంపనాలతో లోహ నిర్మాణాల లోపాల గుర్తింపు

ఉక్కు వంతెనలు, టవర్లు, విమానాల రెక్కల వంటి లోహ నిర్మాణాలు ఎలా కంపిస్తున్నాయో కొలిచి, అందులో వచ్చిన మార్పును బట్టి పగుళ్లను, తుప్పును, వదులైన బోల్టులను పసిగట్టే పద్ధతి ఇది. ప్రతి నిర్మాణానికీ కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. వాటిని నిర్ణయించేవి ద్రవ్యరాశి, దృఢత్వం. పగులు వస్తే దృఢత్వం తగ్గుతుంది, పౌనఃపున్యమూ తగ్గుతుంది. త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్లు నమోదు చేసిన సంకేతాన్ని ఫూరియర్ పరివర్తనతో పౌనఃపున్యాలుగా విడగొట్టి ఈ తేడాను చూస్తారు.

సూత్రం సులువే, ఆచరణ కష్టం. అమెరికాలోని ఆల్బకర్కీలో రియో గ్రాండే నదిపై ఉండిన పాత ఐ-40 వంతెన దీనికి గట్టి సాక్ష్యం. 1993లో కూల్చివేతకు ముందు దాని ఉక్కు గర్డరును (ప్రధాన దూలాన్ని) నాలుగు దశల్లో గ్యాస్ టార్చితో కోశారు. లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ప్రతి దశలోనూ కంపనాలు కొలిచారు. కోతకు ముందు మొదటి పౌనఃపున్యం 2.48 హెర్ట్జ్. తొలి రెండు కోతల తర్వాత అది తగ్గకపోగా 2.52కు చేరింది. గర్డరు అడుగు అంచు పూర్తిగా తెగిన నాలుగో దశలోనే 2.30కి దిగింది.

పైగా పగలు, రాత్రి మధ్య ఉష్ణోగ్రత తేడాకే పౌనఃపున్యం అటూఇటూ అవుతుంది. చిన్న పగులు అందులో కలిసిపోతుంది. కాబట్టి పౌనఃపున్యం ఒక్కదాన్నే నమ్మి వంతెన క్షేమమని తీర్పు చెప్పకూడదు. కంపన రూపాల (కంపించేటప్పుడు నిర్మాణం వంగే ఆకారాల) వంపులో మార్పును కూడా లెక్కకట్టాలి, అనుమానం ఉన్నచోట అల్ట్రాసోనిక్ పరీక్ష తప్పనిసరి.