పద్దులో మన పేరు

ఇప్పపూలు రాలే రోజుల్లోనే ఢిల్లీలో, అమరావతిలో, హైదరాబాదులో బడ్జెట్ సమావేశాలు నడుస్తుంటాయి. ఇక్కడ మనం పూలు ఏరుకునే తొందరలో ఉంటాం. అక్కడ వాళ్లు లెక్కలు తేల్చుకునే తొందరలో ఉంటారు. ఈ రెంటికీ సంబంధం లేదనుకుంటాం. కానీ ఆశ్రమ పాఠశాలలో పిల్లవాడి పళ్లెంలోకి వచ్చే గుడ్డు, ఆసుపత్రిలో పాముకాటు మందు, డోలీ మోత తప్పించే రోడ్డు, ఇవన్నీ ఆ సభలో ఒక పద్దుకు పడే ఓటుతోనే మొదలవుతాయి. భూమి కోసం, అడవి కోసం మన పెద్దలు చేసిన పోరాటాల మీద పుస్తకాలు వచ్చాయి, పాటలు వచ్చాయి. మన పేరు మీద రాసిన డబ్బు గురించి మాత్రం మనవాళ్లు రాసింది తక్కువ. అది ఎప్పుడు ఖర్చయింది, ఎప్పుడు కాలేదు, ఎవరు అడిగారు అన్నది కూడా మన చరిత్రే.

సభ తలుపు బయట

మన్యాన్ని ‘ఏజెన్సీ’ అని ఎందుకంటారో చాలామంది పిల్లలకు తెలియదు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల కోసం బ్రిటిషు వాళ్లు ఒక చట్టం చేశారు. ఆ చట్టం మామూలు కోర్టులను, మామూలు పద్ధతులను పక్కనపెట్టి, కొండలను కలెక్టరు చేతికి అప్పగించింది. కలెక్టరు అక్కడ గవర్నరుకు ఏజెంటు. ఏజెంటు పాలించే నేల కాబట్టి ఏజెన్సీ అయింది. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చి ఈ వేరు పాలనను దేశంలోని ఇతర కొండ ప్రాంతాలకూ పాకించింది.

ఈ వేరు పాలనకు రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి కాపుదల. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద, వడ్డీ మీద ఆంక్షలు పెట్టిన చట్టం ఈ దారినే వచ్చింది. రెండోది మౌనం. ప్రభుత్వం కొండల్లో ఏం ఖర్చు చేస్తోంది, ఎలా చేస్తోంది అని నిలదీసే మన మనిషి ఏ సభలోనూ లేడు. ఆ మౌనం ఎక్కడికి దారితీస్తుందో గూడెం ప్రాంతం చూపించింది. అక్కడి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లను రోడ్డు పనికి పెట్టి, కూలి సరిగా ఇవ్వకుండా వేధించాడు. రోడ్డు ప్రభుత్వానిది, చెమట మనది. కూలి ఏమైందని అడగడానికి సభ లేదు. ఆ కడుపుమంట, అడవి ఆంక్షల మీద మంట కలిసి, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో బయటపడింది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఈ దూరాన్ని తీసెయ్యలేదు. దేశంలోని కొన్ని కొండ ప్రాంతాలను ‘మినహాయించిన ప్రాంతాలు’ అంది. వాటి పాలనకయ్యే ఖర్చు గురించి ప్రాంతీయ శాసనసభ మాట్లాడవచ్చు గాని, దాని మీద ఓటు వేసే హక్కు లేదు. మన తూర్పుగోదావరి, విశాఖ ఏజెన్సీలు ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’. సభ చేసిన చట్టం గవర్నరు ఉత్తర్వు ఇస్తే తప్ప అక్కడికి రాదు. ఇక ఆదిలాబాదు, వరంగల్లు అడవులు నిజాం పాలనలో ఉన్నాయి. అక్కడ ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వమే లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరవాతే నిజాం ప్రభుత్వం గోండు, కొలాం గూడేల వైపు చూసింది. బడి, పట్టా అన్న మాటలు ఆ తరవాతే వినపడ్డాయి.

రాజ్యాంగం ఇచ్చిన మాట

1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడారు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు సారథ్యం వహించిన మనిషి. ఆయన దయ అడగలేదు. ఈ దేశపు మొదటి ప్రజలు వేల ఏళ్లుగా నిర్లక్ష్యానికి గురయ్యారనీ, ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరో వచ్చి నేర్పవలసింది కాదనీ చెప్పారు.

ఆ సభ చివరకు రాసిన రాజ్యాంగంలో మన యువకులు చాలామంది ఐదో షెడ్యూలు పేరు చెబుతారు. 275(1) అధికరణం పేరు చెప్పేవాళ్లు తక్కువ. ఆ అధికరణం కింద ఆదివాసుల సంక్షేమ పథకాలకు కేంద్రం తన సంచిత నిధి నుంచి రాష్ట్రాలకు గ్రాంటు ఇవ్వాలి. అక్కడితో ఆగలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో పాలన స్థాయిని ఆ రాష్ట్రంలోని మిగతా ప్రాంతాల స్థాయికి తీసుకురావడానికి కూడా ఇవ్వాలి అంది. ఈ రెండో మాటను ఉపాధ్యాయులు తరగతిలో ఒకసారి నిదానంగా చదివి వినిపించాలి. మనకు చీరలు, దుప్పట్లు, గొర్రెలు పంచమని కాదు దాని అర్థం. నర్సీపట్నంలో డాక్టరు ఉంటే చింతపల్లిలోనూ ఉండాలి, మైదానంలో బడికి ఐదుగురు పంతుళ్లు ఉంటే కొండ మీద బడికీ ఉండాలి అని అర్థం. అది ధర్మం కాదు, బాకీ.

బాకీ తీరడం అంత తేలిక కాలేదు. 1950ల్లో దేశమంతటా 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు పెట్టారు. వాటిని పరిశీలించిన వెరియర్ ఎల్విన్ సంఘం 1960లో ఇచ్చిన నివేదికలో, స్థానిక అవసరం చూడకుండా పై నుంచి వచ్చిన పథకాలను, భవనాల మీద మోజును తప్పుపట్టింది. ధేబర్ కమిషన్ 1961లో మరో పెద్ద నివేదిక ఇచ్చింది. నివేదికలు అల్మరాల్లోకి వెళ్లాయి. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర జరిగిన కాల్పుల్లో మనవాళ్లు ఇద్దరు చనిపోయారు. ఆ తరవాత కొండలు రగిలాయి. 1970లో భూబదిలీ నిబంధన 1/70 వచ్చింది. ఆ దశాబ్దం మొదట్లోనే కేంద్రం ప్రయోగంగా పెట్టిన కొద్దిపాటి గిరిజన అభివృద్ధి ఏజెన్సీల్లో ఒకటి శ్రీకాకుళానికి వచ్చింది. సభలో మాటతో రానిది కొండ మీద నెత్తురు కారాక వచ్చింది. ఈ వరస మనకు కొత్త కాదు.

వాటా అనే ఆలోచన

1970ల్లో పెద్ద అధికారులూ పండితులూ ఒక విషయం గమనించారు. గిరిజన సంక్షేమానికి వేరే శాఖ పెట్టిన తరవాత మిగతా శాఖలు చేతులు దులుపుకున్నాయి. రోడ్ల శాఖను అడిగితే మీకు గిరిజన శాఖ ఉందిగా అనేది. విద్యుత్తు శాఖా అదే మాట, నీటిపారుదలా అదే మాట. అదనంగా ఇవ్వాలని పెట్టిన డబ్బే మొత్తం డబ్బు అయిపోయింది.

దీనికి విరుగుడుగా ఐదో పంచవర్ష ప్రణాళిక (1974–79)తో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. ఎస్.సి. దూబే నాయకత్వంలోని నిపుణుల సంఘం ఆలోచన, బస్తర్‌లో కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ కృషి దీని వెనక ఉన్నాయి. సూత్రం సులువైనది. ప్రతి శాఖా తన ప్రణాళికా నిధుల్లో గిరిజనుల జనాభా నిష్పత్తికి తగ్గకుండా వాటా తీసి పక్కన పెట్టాలి. మన దగ్గర ఐటీడీఏలు పుట్టింది ఈ ఆలోచనతోనే. సీతంపేట, పార్వతీపురం, పాడేరు, రంపచోడవరం, కోట రామచంద్రపురం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, చెంచుల కోసం శ్రీశైలం, ఈ ఊళ్ల పేర్లు మనకు ఇంటి పేర్లంత దగ్గరయ్యాయి.

బడ్జెట్ పుస్తకాల్లో ఈ వాటాకు ఒక గుర్తు కూడా ఉంది. 796 అనే ఉపపద్దు. వ్యవసాయ శాఖ పుస్తకమైనా, వైద్య శాఖ పుస్తకమైనా, 796 అంకె కింద ఉన్న సొమ్ము గిరిజన ప్రాంత ఉపప్రణాళికది. ఒక పద్దుకు వేరే అంకె ఎందుకంటే, ఆ డబ్బును ఇంకోచోటికి మళ్లిస్తే దొరికిపోవాలని.

మళ్లిన డబ్బు

అయినా మళ్లింది. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఎస్సీల ప్రత్యేక నిధి నుంచి 700 కోట్ల రూపాయలకు పైగా క్రీడల పనులకు మళ్లించారని బయటపడింది. పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. తప్పు జరిగిందని రాజ్యసభలో ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ డబ్బు దళితులది. కానీ వాళ్ల ఉపప్రణాళికకూ మన ఉపప్రణాళికకూ తాళం ఒక్కటే. మార్గదర్శకాలు ఉన్నాయి గాని చట్టం లేదు. ఉత్తర్వును ఇంకో ఉత్తర్వు చెరిపేస్తుంది.

అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, గిరిజన సంఘాలు, వామపక్షాలు, రిటైరైన అధికారులు కలిసి చట్టం కోసం పట్టుబట్టారు. 2012 చివర్లో శాసనసభ దీనికోసమే ప్రత్యేకంగా సమావేశమైంది. 2013 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం ఇదే మొదటిది. ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6.6 శాతం జనాభా నిష్పత్తి ప్రకారం నిధులు కేటాయించాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన మండలి ఉండాలి. ఇతర అవసరాలకు మళ్లించకూడదు.

చట్టం గొప్పదే. దానిలో కంతలూ ఉన్నాయి. అందరికీ ఉపయోగపడే పెద్ద పనుల్లో, విడదీయలేని పనుల్లో, కొంత భాగాన్ని ఉపప్రణాళిక ఖర్చుగా లెక్క రాసుకునే వీలు ఉంచారు. దీన్ని చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. రాష్ట్రమంతటికీ ఉపయోగపడే పనికి 100 కోట్లు ఖర్చు పెట్టారనుకుందాం. అందులో 6.6 కోట్లు గిరిజనులకే అని కాగితం మీద రాస్తే, పద్దులో మన పేరు పెరుగుతుంది. గూడెంలో కొత్తగా ఒక్క బోరు కూడా పడదు. కర్ణాటక కూడా 2013లోనే ఇలాంటి చట్టం చేసింది. అక్కడి 7(డి) అనే సెక్షను ఇదే పని చేసేది. ఎస్సీ, ఎస్టీ సంఘాల ఒత్తిడితో 2023లో ఆ సెక్షనును తీసేశారు. అంటే కంత పూడ్చడం అసాధ్యం కాదన్నమాట.

మరో కంత కాలానిది. మార్చి 31 రాత్రితో ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. 2017లో కేంద్రం ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అనే విభజనే ఎత్తేసింది. ప్రణాళికా సంఘం అంతకుముందే రద్దయింది. ప్రణాళికే లేకపోతే ఉపప్రణాళిక దేనికి ఉప? అప్పుడు తెలంగాణ 2017లో ‘ప్రత్యేక అభివృద్ధి నిధి’ పేరుతో కొత్త చట్టం చేసింది. ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాది భర్తీ చేయాలన్న నియమం అందులో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత చట్టానికి పదేళ్ల గడువు ఉంది. 2023 జనవరిలో దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. అంటే ఈనాటి మన డిగ్రీ విద్యార్థులు ఉద్యోగాల్లో కుదురుకునే సమయానికి ఆ ప్రశ్న మళ్లీ సభ ముందుకు వస్తుంది.

చర్చ ఎలా జరుగుతుంది

సభలో శాఖల వారీగా పద్దులు పెడతారు. ఏ సభ్యుడైనా కోత తీర్మానం ఇవ్వవచ్చు. ఒక పద్దులో వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇస్తారు. వంద రూపాయల కోసం కాదు, ఒక ఫిర్యాదును సభ ముందు పెట్టడం కోసం. ఆశ్రమ పాఠశాలలో నర్సు లేదని చెప్పడానికి కూడా ఆ వంద రూపాయలు చాలు. కానీ చర్చకు ఇచ్చే రోజులు తక్కువ. గడువు ముగిసిన సాయంత్రం మిగిలిన పద్దులన్నీ ఒక్క ఓటుతో ఆమోదిస్తారు. దాన్నే గిలెటిన్ అంటారు. 2018లోనూ 2023లోనూ లోక్‌సభ కేంద్ర బడ్జెట్ పద్దులన్నిటినీ చర్చ లేకుండానే ఆమోదించింది. 2018 గొడవలో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా నినాదాలూ ఉన్నాయి. నినాదం న్యాయమైనది కావచ్చు. కానీ ఆ రోజు గిరిజన వ్యవహారాల పద్దు గురించి ఎవరూ ఏమీ అడగకుండానే ఓటు పడిపోయింది.

కాబట్టి సభలో చర్చ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే చాలదు. 1996 పెసా చట్టం ఇక్కడ మనకు ఆసరా. స్థానిక ప్రణాళికల మీద, గిరిజన ఉపప్రణాళికతో సహా వాటి నిధుల మీద అదుపు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని ఆ చట్టం చెప్పింది. పంచాయతీ ఖర్చు చేసిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభ నుంచి తీసుకోవాలనీ చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో పెసా నియమాలు 2011లో వచ్చాయి. సంతకం పెట్టే ముందు అడిగే హక్కు మన ఊరి సభకే ఉందని దీని అర్థం.

ఉపాధ్యాయులకు ఒక మాట. బడ్జెట్ పుస్తకాలు ప్రభుత్వ వెబ్‌సైటులో దొరుకుతాయి. తొమ్మిదో తరగతి పిల్లలతో 796 అంకె వెతికించండి. శాతాల లెక్కకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. యువకులకు ఒక మాట. గ్రామసభలో మూడు ప్రశ్నలు చాలు. మన మండలానికి ఎంత మంజూరైంది? ఎంత ఖర్చయింది? మిగిలింది మార్చి లోపల ఖర్చవుతుందా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఆ జవాబు కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి, కోత తీర్మానం ఇవ్వమని అడగండి. ఏప్రిల్ అయితే ఆలస్యం. డిసెంబరులో అడగండి, జనవరిలో అడగండి.