బదిలీ ఉత్తర్వు, నిరీక్షణ జాబితా: అమెరికా సైనిక కుటుంబాల్లో ప్రత్యేక వైద్య అవసరాలున్న పిల్లలు

అమెరికా సైన్యంలో ఉద్యోగికి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లకోసారి బదిలీ వస్తుంది. అక్కడి కుటుంబాలు దాన్ని పీసీఎస్ అని పిలుచుకుంటాయి. మూర్ఛవ్యాధి, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు వంటివి ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బదిలీ స్వరూపమే మారిపోతుంది. మందుల మోతాదు కుదిర్చిన న్యూరాలజిస్టు, బిడ్డ కండరాల బిగువు చేతికి అలవాటైన ఫిజియోథెరపిస్టు, కడుపుకు అమర్చిన గొట్టంతో ఆహారం పెట్టడం వచ్చిన ఇంటి నర్సు, చక్రాల కుర్చీ కోసం వాలుగా కట్టించుకున్న వాకిలి, నెలల తరబడి మాట్లాడి బడితో ఒప్పించుకున్న ప్రణాళిక, అన్నీ పాత ఊళ్లోనే ఉండిపోతాయి.

ఇలాంటి కుటుంబాల కోసం ఏర్పడిన అమెరికన్ చట్టాలనూ విధానాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొత్త చోట నిపుణుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు అవి చాలావరకు జవాబు చెప్పగలుగుతున్నాయి. ఆ నిపుణుడి దగ్గరికి చేరడానికి ఎన్నాళ్లు ఆగాలి, ఇప్పటికే ఆగిన కాలం లెక్కకు వస్తుందా అన్న ప్రశ్నను మాత్రం సరిగా అడగనేలేదు. ఎదిగే వయసులో ఉన్న బిడ్డకు అసలు నష్టం ఇక్కడే జరుగుతోందని నా వాదన.

నమోదు, తనిఖీ

నాలుగు దళాలూ దశాబ్దాలుగా నడుపుతున్న ఎక్సెప్షనల్ ఫ్యామిలీ మెంబర్ ప్రోగ్రామ్ ఈ విధానాలకు కేంద్రం. క్లుప్తంగా ఈఎఫ్‌ఎంపీ. ప్రత్యేక వైద్య, విద్యా అవసరాలున్న కుటుంబ సభ్యుడు ఉంటే పూర్తికాల సైనికుడు ఇందులో నమోదు కావడం తప్పనిసరి. వైద్యుడు డీడీ 2792 అనే ఫారం నింపుతాడు. చదువుకు సంబంధించిన వివరాలకు 2792-1 అనే మరో ఫారం ఉంది. బదిలీ ఖరారు చేసేముందు, కొత్త స్థావరం దగ్గర ఆ బిడ్డకు కావలసిన సేవలు ఉన్నాయా అని అధికారులు ఈ పత్రాల ఆధారంగా చూడాలి. 2010 ఆర్థిక సంవత్సరపు రక్షణ అధికార చట్టం ఈ పని మీద పర్యవేక్షణకు రక్షణ శాఖలోనే ఒక ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది.

మన కాగ్‌కు దగ్గరగా ఉండే పాత్రను అమెరికాలో గావో పోషిస్తుంది. అది 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ కార్యక్రమంలో సుమారు 1,33,000 మంది కుటుంబ సభ్యులు నమోదై ఉన్నారు. ఒక్కో దళం ఒక్కో తీరున సాయం చేస్తోందనీ, చట్టం కోరిన సేవా ప్రణాళికలు నమోదైనవారి సంఖ్యతో పోలిస్తే చాలా కొద్దిమందికే తయారయ్యాయనీ ఆ నివేదిక ఎత్తిచూపింది. ఐదేళ్ల తర్వాత, 2023 జూన్‌లో, రక్షణ శాఖ తన 1315.19 నంబరు ఆదేశాన్ని తిరగరాసింది. నమోదు పద్ధతి, బదిలీ సమన్వయం నాలుగు దళాల్లోనూ ఒకే తీరుగా ఉండాలంది. బిడ్డను కనిపెట్టుకుని ఉండే తల్లిదండ్రులకు కాస్త ఊపిరి పీల్చుకునే వీలు కల్పించే రెస్పిట్ కేర్‌ను అర్హులకు నెలకు 20 నుంచి 32 గంటల మధ్య స్థిరపరచింది.

ఇది నిజమైన ప్రగతే. అయినా తనిఖీ పద్ధతిలోని లోపం అలాగే మిగిలింది. పిల్లల న్యూరాలజిస్టు ఆ ప్రాంతంలో ఉంటే కాగితం మీద "సేవ లభ్యం" అని పడుతుంది. ఆ వైద్యుడు కొత్త రోగులను తీసుకోవడం లేదని, తీసుకున్నా తొలి అపాయింట్‌మెంటుకు నెలలు పడుతుందని ఆ రెండు మాటల్లో ఎక్కడా తెలియదు. సైనిక బీమా ట్రైకేర్ కొత్త ఊరికి వెంట వస్తుంది గాని, ట్రైకేర్ ప్రైమ్‌లో ఉన్నవాళ్లు కొత్త ప్రాథమిక వైద్యుడిని పొంది, ఆయన దగ్గర రెఫరల్ తీసుకుని, నిపుణుడి వరుసలో చివర నిలబడాలి. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ అందుతున్న నాలుగేళ్ల బిడ్డకు ఐదు నెలల విరామం వస్తే, అది ఆ బిడ్డ జీవితంలో పదో వంతు.

రాష్ట్రం మారితే వరుస మారుతుంది

నిరీక్షణ అన్నిటికన్నా క్రూరంగా పనిచేసే చోటు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్యసాయ పథకం నిబంధనలకు ఇచ్చే మినహాయింపులు, అంటే వేవర్లు. వాటి వెనక ఒక చిన్నపిల్ల కథ ఉంది. అయోవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్‌కు నెలల వయసులోనే మెదడువాపు వచ్చింది. ఊపిరి కోసం వెంటిలేటర్ మీద ఆధారపడింది. తర్వాత ఇంటికి పంపగల స్థితికి వచ్చినా పంపలేకపోయారు. ఆస్పత్రిలో ఉన్నంతకాలం ప్రభుత్వ వైద్యసాయం ఖర్చు భరిస్తుంది. ఇంటికి వెళితే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి అర్హత పోతుంది. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఈ అసంబద్ధతను విలేకరుల ముందు ప్రస్తావించాక ఆమెకు మినహాయింపు దొరికింది. ఇలాంటి పిల్లలకు ఇంటి దగ్గరే సేవలందించే వెసులుబాటును 1982 చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. సామాజిక భద్రతా చట్టం 1915(సి) సెక్షన్ కింద గృహ, సామాజిక సేవల వేవర్లు కూడా 1981లోనే వచ్చాయి.

ఈ వేవర్లు లేకపోతే తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డను ఇంట్లో పెంచడం మధ్యతరగతి కుటుంబానికి దాదాపు అసాధ్యం. రాత్రి నర్సింగు, సహాయకుల జీతాలు, ఇంటి మార్పులు వీటి ద్వారానే దొరుకుతాయి. అయితే ఎంతమందికి ఇవ్వాలో ప్రతి రాష్ట్రమూ తానే పరిమితి పెట్టుకుంటుంది. పరిమితి నిండితే జాబితా. టెక్సస్‌లో కొన్ని వేవర్ల నిరీక్షణ పదేళ్లు దాటుతుంది.

ఇప్పుడు ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌కు వచ్చిన వెంటనే తల్లి జాబితాలో బిడ్డ పేరు రాయించింది. మూడేళ్ల తర్వాత భర్తకు నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌కు బదిలీ అయింది. ఆ రాష్ట్రపు ఇన్నోవేషన్స్ వేవర్ జాబితా కూడా ఏళ్ల తరబడి సాగేదే. అక్కడ ఆమె మొదటి రోజు నుంచి మళ్లీ లెక్కపెట్టుకోవాలి. రెండు మూడేళ్లకోసారి రాష్ట్రం మారే ఇల్లు పదేళ్ల జాబితా చివరికి ఎన్నటికీ చేరదు. అర్హత ఉంది, దరఖాస్తు ఉంది, ఓర్పు ఉంది. ఒకే చోట ఉండిపోయే వెసులుబాటు మాత్రం లేదు. దేశం కోసం కదిలినందుకే ఆ బిడ్డ వెనకబడుతోంది.

దీనికి పరిష్కారం లేదనడానికి వీల్లేదు, ఎందుకంటే అదే చట్ట వ్యవస్థ మరో విషయంలో పరిష్కారం చూపింది. 2003 నాటి సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ చట్టం ప్రకారం, ఉత్తర్వు మీద మరో రాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన సైనికుడు పన్నుల విషయంలో తన సొంత రాష్ట్రపు నివాసాన్ని కోల్పోడు. 2009లో మరో చట్టం జీవిత భాగస్వాములకూ అలాంటి రక్షణ కల్పించింది. అంటే సైనికుడి నివాసాన్ని అతని దేహం ఉన్న చోటు నుంచి విడదీసి చూడటం అమెరికా చట్టానికి కొత్త కాదు. జీతం మీద పన్ను విషయంలో చూపిన శ్రద్ధ బిడ్డ నర్సింగు విషయంలో ఎందుకు చూపలేదు? కొన్ని రాష్ట్రాలు తమ సైనిక కుటుంబాలు వేరే చోట ఉన్నా జాబితాలో స్థానం నిలిపి ఉంచుకోవచ్చని నిబంధనలు తెచ్చాయి. సరైన దారి అదే. కానీ అది రాష్ట్రాల దయ మీద ఆధారపడి ఉన్నంతకాలం బిడ్డ అదృష్టం తండ్రి సొంత రాష్ట్రం ఏదన్నదాని మీద ఆధారపడుతుంది.

బడి గడప దగ్గర

విద్య విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. 1975లో మొదలై ఇప్పుడు ఐడియా అని పిలిచే వికలాంగుల విద్యా చట్టం ప్రతి అర్హుడైన విద్యార్థికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ, ఉండాలంటుంది. బిడ్డ మరో రాష్ట్రానికి మారితే కొత్త బడి తన సొంత పరీక్షలు చేసి కొత్త ప్రణాళిక రాసేదాకా పాత ప్రణాళికతో "పోల్చదగిన" సేవలు ఇవ్వాలి. సైనిక కుటుంబాల పిల్లల చదువు కోసం రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందంలో ఇప్పుడు 50 రాష్ట్రాలూ ఉన్నాయి. అదీ ఇదే మాట చెబుతుంది.

చిక్కు ఆ పోలికలోనే ఉంది. పాత బడిలో వారానికి మూడు గంటల వ్యక్తిగత ఆక్యుపేషనల్ థెరపీ ఉంటే, కొత్త బడి ఐదుగురు పిల్లలను కూర్చోబెట్టి అదే మూడు గంటలు ఇస్తే అది సమానమా? తల్లి కాదంటుంది, బడి అవునంటుంది. సాధారణంగా వివాదం తేలేదాకా పాత సేవలే కొనసాగాలని ఐడియాలో ఒక రక్షణ ఉంది. కానీ 2000లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు రాడ్నర్ టౌన్‌షిప్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో, తల్లిదండ్రులు తమంతట తాము రాష్ట్రం మారినప్పుడు ఆ రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. కుటుంబాల దృష్టితో చూస్తే ఈ తర్కం సైనికులకు అతకదు. ఉత్తర్వు అందుకున్న సార్జెంటు తన ఇష్టంతో ఇల్లు మారడం లేదు. కాదంటే క్రమశిక్షణ చర్య.

పరీక్షలకు చట్టం ఇచ్చిన గడువు మామూలుగా 60 రోజులు. వేసవిలో వచ్చి ఆగస్టులో బడిలో చేరిన బిడ్డ పరీక్షలు, సమావేశాలు దాటి కొత్త ప్రణాళిక పొందేసరికి శీతాకాలం వస్తుంది. ఒకటిన్నర ఏడాదిలో మళ్లీ ఉత్తర్వు. తరచూ ఊళ్లు మారే పిల్లల విషయంలో మూల్యాంకనాన్ని వీలైనంత త్వరగా, సాధ్యమైతే 30 రోజుల్లో, ముగించమని 2022 నవంబరులో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలను కోరింది. అది సూచన మాత్రమే. రక్షణ శాఖే నేరుగా నడిపే డీఓడీఈఏ బడుల మధ్య బదిలీ అయ్యేవారికి ఈ బాధ కొంత తక్కువ. కానీ ఎక్కువ మంది సైనికుల పిల్లలు స్థానిక ప్రభుత్వ బడుల్లోనే చదువుతారు.

ఇవన్నీ కలిసి మరో పరిణామానికి దారితీస్తున్నాయి, కుటుంబమే విడిపోవడం. విదేశీ బదిలీకి ముందు వైద్య పరిశీలనలో కుటుంబం వెళ్లే వీల్లేదని తేలితే సైనికుడు ఒక్కడే వెళ్లాల్సి రావచ్చు. దేశంలోపలి బదిలీల్లోనూ కొందరు తల్లీబిడ్డలను పాత ఊళ్లోనే ఉంచి తాము వెళ్లిపోతారు. నమోదైతే పదోన్నతికి అడ్డొస్తుందేమోనని వెనకాడేవాళ్లూ ఉన్నారు. పదోన్నతి మండలికి ఆ సమాచారం చేరదని అధికారులు చెబుతూనే ఉన్నారు. అయినా ముఖ్యమైన బదిలీ ఒకటి దాటిపోతే వృత్తిలో దాని ఛాయ పడుతుందన్న భయం అకారణం కాదు.

మన కంటోన్మెంట్లు

భారత సైన్యంలో ఈ సమస్య వేరే రూపం తీసుకుంది. సరిహద్దు ఫీల్డ్ పోస్టింగుల్లో కుటుంబం వెంట వెళ్లదు కాబట్టి వేర్పాటు ముందునుంచీ జీవితంలో భాగం. సిక్కోలు పల్లెల్లోనో, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలోనో తల్లి, అత్తమామలు బిడ్డను చూసుకుంటారు. తండ్రి పీస్ స్టేషన్‌కు వచ్చినప్పుడు క్వార్టర్ దొరికితే ఇల్లు కలుస్తుంది. ఆర్మీ మహిళల సంక్షేమ సంఘం ఆవ్వా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే ఆశా బడి సికింద్రాబాద్‌లో ఉంది. నౌకాదళ కుటుంబాలకు విశాఖలో అలాంటి బడే సంకల్ప్ ఉంది. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ నైపిడ్ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అందుకే ఇలాంటి బిడ్డ ఉన్న జవాను సికింద్రాబాద్ పోస్టింగును కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వికలాంగుడైన బిడ్డను చూసుకునే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించమని సిబ్బంది శిక్షణ శాఖ 2014 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక, 2018లో దాన్ని విస్తరించింది. యూనిఫాం వేసుకున్నవారి దారి వేరు. వాళ్లు కంపాషనేట్ పోస్టింగుకు అర్జీ పెట్టుకోవాలి, సేవా అవసరాలు ఒప్పుకుంటే దొరుకుతుంది. పౌర గుమస్తాకు హక్కుకు దగ్గరగా ఉన్నది జవానుకు విజ్ఞప్తిగా మిగిలింది. ఈ తేడాను సమర్థించడానికి యుద్ధ సన్నద్ధత ఒక్కటే కారణంగా చెబుతారు. పీస్ స్టేషన్ నుంచి పీస్ స్టేషన్‌కు జరిగే బదిలీలకు ఆ కారణం ఎంతవరకు వర్తిస్తుందో విడిగా పరిశోధించాలి. ఒక మేలు మాత్రం చెప్పుకోవాలి. సదరం వైకల్య ధ్రువపత్రం రాష్ట్రానికే పరిమితమైన కాలం పోయి, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతోంది. అయితే వైకల్యం శాతం ప్రయాణిస్తోంది గాని, థెరపిస్టు రాసుకున్న పురోగతి చరిత్ర ఇంకా తల్లి సంచిలోని ఫైలుగానే ప్రయాణిస్తోంది.

ఉద్యోగ విరమణ నాడు

అమెరికా వైపు ఎక్కువగా పట్టించుకోని ఘట్టం రిటైర్మెంటు. తీవ్ర వైకల్యం ఉన్నవారికి ట్రైకేర్ అదనంగా ఇచ్చే ఎకో పథకం కింద చాలా సేవలకు ఏడాదికి 36,000 డాలర్ల వరకు ఖర్చు భరిస్తారు. అది పూర్తికాల సైనికుల కుటుంబాలకే. ఇరవై ఏళ్ల సేవ ముగించిన రోజున మామూలు ట్రైకేర్ మిగులుతుంది, ఎకో ఆగిపోతుంది. బిడ్డకు పద్దెనిమిదో పందొమ్మిదో ఏళ్లుంటే, ఐడియా హక్కు కూడా 21 దాటాక చాలా రాష్ట్రాల్లో ముగుస్తుంది. సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే కుటుంబం స్థిరపడదలచిన రాష్ట్రానికి చేరి వేవర్ జాబితాలో చివరి పేరుగా నమోదవుతుంది. మన దేశంలో శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం, షరతులకు లోబడి జీవితాంతం కుటుంబ పింఛను ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మన ఏర్పాటు మెరుగు.

అమెరికాలో చేయదగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. బిడ్డ ఈఎఫ్‌ఎంపీలో మొదట నమోదైన తేదీని అధికారికంగా ధ్రువీకరించి, కుటుంబం ఏ రాష్ట్రంలో దరఖాస్తు చేసినా ఆ తేదీనే వరుసకు ప్రాతిపదికగా తీసుకోవాలని కాంగ్రెస్ మెడికెయిడ్ నిధులకు షరతు పెట్టవచ్చు. బదిలీ తనిఖీ పత్రంలో "సేవ లభ్యం" అన్న గడి పక్కన, మొదటి అపాయింట్‌మెంటుకు ఎన్ని రోజులు అన్న మరో గడి చేర్చవచ్చు. ఆ సంఖ్యను స్థావరాలవారీగా ప్రచురిస్తే, ఏ చోటుకు బదిలీ చేయడం ఏ బిడ్డకు ఎంత కాలం నష్టమో ఉత్తర్వు రాసే అధికారికీ, దాన్ని అందుకునే తల్లికీ సంతకానికి ముందే తెలుస్తుంది.