అమెరికా పగటి ధారావాహికల నిర్మాణ బృందం

అమెరికా టెలివిజన్‌లో వారానికి ఐదు రోజులు పగటి వేళ ప్రసారమయ్యే కథా కార్యక్రమాలను పగటి ధారావాహికలు లేదా సోప్ ఒపేరాలు అంటారు. రేడియో కాలంలో సబ్బుల తయారీ సంస్థలు వీటికి ప్రాయోజకులుగా ఉండడం వలన ఈ పేరు వచ్చింది. రోజుకొక భాగం చొప్పున ఏడాది పొడవునా సాగే ఈ కథలకు ఆధారం తెర వెనుక పనిచేసే బృందమే.

చరిత్ర

ఇర్నా ఫిలిప్స్ సృష్టించిన గైడింగ్ లైట్ 1937లో రేడియోలో మొదలై, 1952లో టెలివిజన్‌కు వచ్చింది. తొలినాళ్ళలో ఒక్కొక్క భాగం నిడివి 15 నిమిషాలు. 1956 ఏప్రిల్ 2న ప్రారంభమైన యాజ్ ది వరల్డ్ టర్న్స్, ది ఎడ్జ్ ఆఫ్ నైట్ అరగంట నిడివిని ప్రవేశపెట్టాయి. 1975 జనవరిలో అనదర్ వరల్డ్ నిడివి గంటకు పెరిగింది.

పై రెండు అరగంట ధారావాహికలు 1975 వరకు ప్రత్యక్ష ప్రసారంగానే నడిచాయి. పొరపాటు జరిగితే దిద్దుకొనే అవకాశం ఉండేది కాదు. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనడీపై కాల్పుల వార్త కొరకు యాజ్ ది వరల్డ్ టర్న్స్ ప్రసారాన్ని మధ్యలో ఆపినపుడు, ఆ సంగతి తెలియని నటులు స్టూడియోలో నటిస్తూనే ఉన్నారు.

రచన

ముఖ్య రచయిత రాబోయే నెలల కథాగమనాన్ని స్థూలంగా నిర్ణయిస్తారు. కొందరు రచయితలు దానిని రోజువారీ భాగాలుగా విడగొట్టి, ప్రతి దృశ్యాన్ని సంగ్రహంగా వ్రాస్తారు. మరికొందరు సంభాషణలు సమకూరుస్తారు. పలువురు వ్రాసినా పాత్ర మాటతీరు మారకుండా, పాత కథతో వైరుధ్యం రాకుండా సరిచూడడం స్క్రిప్టు ఎడిటర్ బాధ్యత.

చిత్రీకరణ

దర్శకులు వంతులవారీగా పనిచేస్తారు. దృశ్యాన్ని ఒకేసారి పలు కెమెరాలతో చిత్రీకరిస్తారు. దర్శకుడు కంట్రోల్ రూములో కూర్చొని ఏ కెమెరా దృశ్యం కావాలో చెబుతుండగా, టెక్నికల్ డైరెక్టర్ మీటల సాయంతో దృశ్యాలను మారుస్తారు. సెట్టులోని నటులకు దర్శకుని సూచనలను స్టేజ్ మేనేజర్ అందజేస్తారు.

స్టూడియోలో చోటు పరిమితం. కావున ఒకనాటి సెట్లను విప్పి, మరునాటికి కావలసిన వాటిని రాత్రిపూట అమర్చడం వాడుక. ఆపై దీపాల బృందం వెలుగును సరిచేస్తుంది. కథలోని ఒక్క రోజు పలు భాగాలపాటు సాగుతుంది. అందువలన దుస్తులు, కేశాలంకరణ, చేతిలోని వస్తువులు తేడా లేకుండా ఉండడానికి ఆయా విభాగాలవారు వివరాలు నమోదు చేసుకొంటారు.

మార్పులు

ప్రేక్షకుల సంఖ్య, ఆదాయం తగ్గడంతో భారం బృందంపై పడింది. ఖర్చు తగ్గించుకొనేందుకు 2008లో గైడింగ్ లైట్ బరువైన స్టూడియో కెమెరాలను వదలి చిన్న డిజిటల్ కెమెరాలను చేపట్టింది. న్యూజెర్సీలోని పీపాక్ అను ఊరిలో ఆరుబయలు దృశ్యాలు తీసింది. అయినప్పటికీ 2009 సెప్టెంబరు 18న ముగిసింది. మరుసటి ఏడాది యాజ్ ది వరల్డ్ టర్న్స్ కూడా నిలిచిపోయింది. ఒక్కొక్క ధారావాహిక ఆగినపుడు నటులతోపాటు వడ్రంగులు, దర్జీలు, దీపాలవారు సైతం ఉపాధి కోల్పోయారు.

2020లో కోవిడ్ వలన చిత్రీకరణలు ఆగిపోయాయి. ఆ జూన్‌లో పని తిరిగి ప్రారంభించిన ది బోల్డ్ అండ్ ది బ్యూటిఫుల్ బృందం, నటులు సన్నిహితంగా మెలగవలసిన దృశ్యాలలో బొమ్మలను, నటుల నిజజీవిత భాగస్వాములను ఉపయోగించింది. 2025 ఫిబ్రవరిలో బియాండ్ ది గేట్స్ అను కొత్త ధారావాహిక సీబీఎస్‌లో మొదలయింది.

గుర్తింపు

1974 నుండి ఇస్తున్న డేటైమ్ ఎమ్మీ పురస్కారాలలో నటనతోపాటు రచన, దర్శకత్వం, దీపాలంకరణ, దుస్తుల రూపకల్పన వంటి విభాగాలకు కూడా స్థానం లభించింది.