కుండ, డప్పు, గిన్నె – కల్హేర్ సీమలో వాడుక వస్తువులు చెప్పు చరిత్ర

మెదకు మహాదేవాలయము ప్రతిష్ఠింపబడి 2024 డిసెంబరు 25వ తేదీకి నూరు సంవత్సరములు నిండినవి. ఈ శతాబ్ది సందర్భమున పాస్నెట్ దొరవారి పరిచర్యను గూర్చియు, 175 అడుగుల గోపురమును గూర్చియు పెద్దలు ఎందరో వ్రాయుదురు. అది తగినదే. 1914లో పని మొదలై, కరవు దినములలో బీదలకు కూలి, కూడు ఇచ్చుచు పైకి లేచిన ఆ గోడలను చూచినప్పుడెల్ల మన హృదయము కృతజ్ఞతతో నిండును. అయితే సంఘ చరిత్ర అంతయు గోపురములలోనే లేదు. అది మన తల్లుల వంటింటి కుండలో ఉన్నది, మన తాతల చేతి డప్పులో ఉన్నది, ప్రభువు బల్లమీది గిన్నెలో ఉన్నది. ఈ చిన్న వస్తువులు మన యొద్దనే గాక మన పొరుగువారి యొద్దను ఉన్నవి. కనుక వాటిని అడిగినచో మన చరిత్రతోబాటు, పలుమతముల నడుమ మనము బ్రదికిన తీరును గూడ చెప్పును. ఆ సంగతులనే ఈ వ్యాసములో సంఘము ముందు ఉంచుచున్నాము.

నాలుగు భాషల సీమ

మేము కల్హేర్ ప్రాంతమునకు పరిచర్యకై వచ్చిన క్రొత్తలో మమ్ములను ఆశ్చర్యపరచినది అక్కడి అంగడి. ఒక్క చెట్టు నీడలోనే తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినబడును. తండాల నుండి వచ్చిన లంబాడీలు తమ భాషలో బేరమాడుదురు. దీనికి కారణము చరిత్రలో ఉన్నది. నారాయణఖేడ్ తాలూకా నిజాం కాలములో బీదరు జిల్లాలోనిది. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసిన తరువాత గూడ అట్లే ఉండి, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు మెదకు జిల్లాకు చేరినది. 2016 అక్టోబరు 11 నుండి ఈ సీమ సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఎల్లలు ఎన్నిమార్లు మారినను, పిల్లనిచ్చి పుచ్చుకొనుట, బజారుకు పోవుట మాత్రము బీదరు వైపునకు సాగుచునే ఉన్నది.

మతముల సంగతియు ఇట్టిదే. పడమట బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో బోధించిన కల్యాణము ఉన్నది. అందుచేత మెడలో ఇష్టలింగము ధరించు వీరశైవ కుటుంబములు ఈ సీమలో అనేకములు. బీదరులో బహమనీ సుల్తానుల కోటయు, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసాయు, సిక్కులకు పవిత్రమైన గురునానక్ ఝీరాయు ఉన్నవి. ఆ ఊరి దాపున అష్టూరులో సుల్తాను అహ్మద్ షా సమాధి యొద్ద జరుగు ఉర్సునకు లింగాయతు జంగమయ్య వచ్చి పెద్దరికము వహించుట నేటికిని వాడుకలో ఉన్నది. సువార్త వచ్చినప్పుడు గూడ రెండు దిక్కుల నుండి వచ్చినది. బీదరు వైపున అమెరికా మెథడిస్టులు, మెదకు వైపున ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు పాటుపడినారు.

కుమ్మరి మతము అడుగడు

అంగడిలో కుండలమ్ము కుమ్మరిని చూడుడి. అతని యొద్ద ఒకే మట్టితో చేసిన కుండలు వరుసగా ఉండును. ఒకటి బోనమై ఎల్లమ్మ గుడికి పోవును. ఒకటి మసీదు వాకిట నీళ్ల కుండ అగును. మరియొకటి మన విశ్వాసి యింట చల్లని నీళ్లకు నిలుచును. కొనువాడు ఏ మతస్థుడని కుమ్మరి అడుగడు, అడిగినను మట్టికి మతము రాదు. బీదరు పనివారి బిద్రీ సామానును గూర్చియు ఇంతే. తుత్తునాగము, రాగి కలిపి పోత పోసి, వెండి తీగె పొదిగి, పాతకోట మట్టితో నల్లబరచు ఆ పనిని హిందువులును ముస్లిములును చేసినారు. ఆ హుక్కాలు, పాన్ దాన్ లు నవాబుల దివాణములలోను ఉండెను, దేశముఖుల గడీలలోను ఉండెను.

మన సంఘములలోని "పిడికెడు బియ్యము" కథయు ఇట్టిదే. ఎసరు పెట్టునప్పుడు తల్లి ఒక పిడికెడు బియ్యమో జొన్నలో తీసి ప్రత్యేకమైన కుండలో వేయును. ఆదివారమున దానిని కానుకగా తెచ్చును. దోర్నకల్ అధ్యక్ష ఖండములో ఈ పద్ధతి ప్రసిద్ధికెక్కినది. రొక్కము కంటితో చూడని కూలి కుటుంబములు ఈ గింజలతోనే దేవుని పనిని నిలిపినవి. అయితే వాకిట నిలిచిన జంగమయ్యకు, ఫకీరుకు పిడికెడు గింజలు వేయుట మన అవ్వలకు అంతకు ముందే తెలియును. చేయి అదే, పిడికిలి అదే. ఎవరి పేరిట ఇచ్చుచున్నామన్నదే మారినది. వస్తువు వేరు, ఆరాధన వేరు అని వారు ఏ వేదాంత కళాశాలలోను చదువుకొనకయే ఎరుగుదురు.

నీళ్ల కుండ కథ

ఇంతవరకు చెప్పినది తీపి మాట. చేదు మాటయు చెప్పవలెను. కుమ్మరి యొద్ద ఒకటిగా ఉన్న కుండ, ఊరిలోనికి రాగానే వేరగును. మన తాతముత్తాతలలో చాలమంది ఊరి బావిలో చేద వేయరాదు. గట్టున నిలిచి, ఎవరైన పైనుండి దోసిట పోసిన నీళ్లు త్రాగవలెను. హోటళ్లలో వారికి వేరు గ్లాసు. ఆ గ్లాసును త్రాగినవారే కడిగి, బయట గోడమీద బోర్లించవలెను. 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో దానిని నేరముగా ఎంచు చట్టము వచ్చినది. అయినను గ్లాసులు ఒక్కటి అగుటకు అనేక సంవత్సరములు పట్టినది.

యోహాను సువార్త 4వ అధ్యాయములో సమరయ స్త్రీ ఆశ్చర్యపడినది ఇందుకే గదా! యూదుడైన ప్రభువు ఆమె చేతి నీళ్లు అడిగినాడు. ఆ మధ్యాహ్నము బావి యొద్ద మొదట బోధింపబడినది సిద్ధాంతము కాదు, ఒక మనిషి పాత్రలోని నీళ్లు మరియొక మనిషి అడుగుట. మన పల్లెలలో ఆ కథ చదివినప్పుడు పెద్దలు కన్నీరు పెట్టుట మేము చూచినాము. వారికి వ్యాఖ్యానము అక్కరలేదు.

చెట్టుకు వ్రేలాడిన డప్పు

ఇక డప్పు సంగతి. మేకతోలు బిగించి, గడ్డిమంట మీద కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి కొట్టు ఈ వాద్యము లేనిదే తెలంగాణ పల్లెలో ఏ పండుగయు లేదు. బోనములకు అదియే, పీర్ల పండుగకు అదియే. మొహర్రములో చావిడి నుండి పీర్లు లేచినప్పుడు వాటిని ఎత్తుకొనువారు అనేక గ్రామములలో హిందువులే. అలావు చుట్టు ఆడువారును వారే. ఆ రెండు మతముల నడుమ డప్పు వంతెనగా ఉన్నది. అయితే ఆ వంతెన మోసినవారి వీపు ఎవరు చూచినారు? మాదిగలకు డప్పు కళ మాత్రమే కాదు, వెట్టి. పిలిచినప్పుడు పోవలెను, చావునకు కొట్టవలెను, కూలి అడుగరాదు. అందుచేత క్రైస్తవులైన మాదిగలు అనేక చోట్ల "ఇక కొట్టము" అన్నారు. అది విగ్రహారాధనను విడుచుట మాత్రమే కాదు, వెట్టిని విడుచుట గూడ. దానికి వారు చెల్లించిన వెల పెద్దది.

ఈ సంగతి తెలియక మేము చేసిన తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలెను. మా పరిచర్య తొలినాళ్లలో ఒక కోతపండుగ దినమున, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు కానుకలుగా పట్టుకొని సంఘము ఊరేగింపుగా వచ్చుచుండెను. ముందర ఒక పెద్దమనిషి డప్పు కొట్టుచుండెను. మేము గుడి వాకిట నిలిచి, "ఇది పీర్లకు, జాతరలకు కొట్టు వాద్యము, మందిరములోనికి తేరాదు" అని ఆపినాము. ఆయన మారు పలుకలేదు. డప్పును వేపచెట్టు కొమ్మకు తగిలించి, లోనికి వచ్చి చివర చాప మీద కూర్చున్నాడు. ఆరాధన తరువాత మా యొద్దకు వచ్చి మెల్లగా చెప్పిన మాటలు ఇవి:

"అయ్యగారూ, మా నాయిన ఊరికి డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నడు. మల్ల సచ్చేదాక ముట్టలే. ఇది గా డప్పు గాదు. యేసయ్య పండుగకు కొడదామని నేను కొత్తగ కట్టించిన."

మేము సిగ్గుపడినాము. మా కళాశాలలో క్రైస్తవ్యమును, భారతీయ సంస్కృతిని గూర్చి గ్రంథములు చదివి, పరీక్షలు వ్రాసి, పట్టము పొందియున్నాము. అయితే ఒక డప్పు వెనుక రెండు తరముల విశ్వాసము ఉన్నదని గుర్తింపలేకపోయినాము. మరుసటి కోతపండుగకు మేమే ఆయన యింటికి పోయి పిలిచినాము. వచ్చి కొట్టినాడు. గాని మొదటి సంవత్సరపు ఉత్సాహము ఆ చేతులలో కనబడలేదు. కొన్ని మాటలు నోట వచ్చిన తరువాత తిరిగి తీసికొనుటకు రావు.

ఒకే గిన్నె

వాడుక వస్తువులలో మన సంఘమునకు అన్నిటికంటె ముఖ్యమైనది ప్రభురాత్రి భోజనపు గిన్నె. ఈ సీమలో దాని ఘనతను తెలిసికొనవలెనన్నచో పైన చెప్పిన నీళ్ల కుండను మరువరాదు. మాలలు మాదిగల ఇండ్లలో నీళ్లు త్రాగని దినములవి. అట్టివారు ఒక్క వరుసలో మోకాళ్లూని ఒక్క గిన్నె నుండి త్రాగినారు. ఆ ఉదయమున ఏ గంటయు విశేషముగా మ్రోగి యుండదు, ఏ రాతిపలకయు చెక్కబడలేదు. అయినను మా దృష్టికి అది గోపుర నిర్మాణము కంటె గొప్ప సంగతి.

మనకు మిషనెరీలను పంపిన దేశములలో ఈ గిన్నె ఏమైనదో గూడ చూడదగును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు వైన్ లాండ్ ఊరిలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసమును పులియకుండ కాచి సీసాలలో నింపు విధానమును కనుగొన్నాడు. మద్యమును మానిన సంఘములు ప్రభువు బల్లకు దానిని వాడవలెనని ఆయన కోరిక. తరువాత అదియే పెద్ద వ్యాపారమై, మత భేదము లేక ఇంటింటి పిల్లలు త్రాగు పానీయమైనది. 1890 తరువాతి సంవత్సరములలో అక్కడనే, రోగక్రిములను గూర్చిన భయము వలన, ఉమ్మడి గిన్నెకు మారుగా మనిషికొక చిన్న గిన్నె వాడుకలోనికి వచ్చినది. అది పలు దేశముల నుండి, పలు మతముల నుండి జనులు ఓడలలో వచ్చి ఆ పట్టణములను నింపుచున్న కాలము. ఒకే వీథిలో కతోలికుల గుడిలో ఒక గిన్నె, యూదుల యింట శుక్రవారపు రాత్రి ప్రార్థన గిన్నె, మెథడిస్టుల గుడిలో నలువది చిన్న గిన్నెల పళ్లెము. క్రిముల భయముతోబాటు పరాయివాని పెదవి తగిలిన గిన్నెను త్రాగవలెనన్న సంకోచము గూడ ఆ మార్పులో ఉన్నదని కొందరు చరిత్రకారులు చెప్పుదురు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు మన సంఘములలోను చిన్న గిన్నెలు వచ్చినవి. ఆరోగ్యము కొరకు వాడుట తప్పు కాదు. అయితే ఏ దేశములో ఉమ్మడి గిన్నె వట్టి అలవాటో ఆ దేశము సంగతి వేరు. ఏ సీమలో వేరు గ్లాసు అవమానపు గుర్తుగా ఉండెనో ఆ సీమలో ఉమ్మడి గిన్నె సువార్త. దానిని విడుచునప్పుడు ఏమి విడుచుచున్నామో ఎరిగి విడువవలెను.

రాతికి మతము లేదు

1912లో బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. ఆయన కట్టించిన దోర్నకల్ మహాదేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. దాని స్తంభములు గుడి మండపమును, గుమ్మటములు మసీదును తలపించును, రాతిలో తామరపూలు చెక్కబడినవి. మన మెదకు మహాదేవాలయము ఇంగ్లండు దేవాలయముల పోలికన లేచినది. ఒకటి మనదని, ఒకటి పరాయిదని మేము అనము. రాయియైనను సీమ అద్దమైనను దేవుని పేరిట నిలిచినప్పుడు అది సంఘపు సొత్తు. అయితే దోర్నకల్ రాళ్లు నేర్పు పాఠము ఒకటి ఉన్నది: పొరుగువాని పనితనమును గౌరవించినంత మాత్రమున మన విశ్వాసము కరిగిపోదు.

శతాబ్ది వేళ మనకు ప్రశ్న

ఈ పండుగ సంవత్సరములో గోడలకు రంగులు వేయించినాము, దీపములు కట్టినాము. సంతోషమే. అయితే ప్రతి సంఘమును తన వస్తువులను ఒక్కసారి లెక్కచూచుకొనవలెనని మా మనవి. మన గుడి చాపలపై ఇంకను వాడవాడకు వేరు మూల ఉన్నదా? మన సమాధుల తోటలో వేరు గట్టు ఉన్నదా? పెండ్లి విందులో మన చేయి పోయి తీసికొనని పళ్లెము ఏదైన ఉన్నదా? పొరుగున ఉన్న ముస్లిము సోదరుడు, లింగాయతు సోదరుడు మన యింటికి వచ్చినప్పుడు మొదట వారికి నీళ్లిచ్చుచున్నామా, కరపత్రమిచ్చుచున్నామా?

మన ఊరి మతములు అనేకములు. అది నిన్న వచ్చినది కాదు, రేపు పోవునది కాదు. విశ్వాసములో మనము స్థిరముగా నిలువవలెను. ఆ స్థిరత్వము కుండను దూరము పెట్టుట వలన రాదు, కుండలోని నీళ్లు అందరికిని ఇచ్చుట వలన తెలియును.

ఆ వేపచెట్టు నేటికిని ఉన్నది. గడచిన కోతపండుగకు ఆ పెద్దమనిషి మనుమడు డప్పు పట్టుకొని ముందు నడచినాడు. గుడి వాకిట ఒక్క క్షణము ఆగి మా వైపు చూచినాడు. మేము తలుపులు రెండును తెరచినాము.

దేవునికే మహిమ కలుగును గాక.